ప్రపంచ సమస్యలపై బహిరంగ చర్చ నిర్వహించడం ఎలా: ప్రతిపాదన రాయడం నుంచి ఓట్ల లెక్కింపు దాకా

వాతావరణ మార్పులు, మహమ్మారులు, యుద్ధాలు, వలసలు, పేద దేశాల అప్పులు... వీటి మీద సభ పెడితే జనం వస్తారు. కానీ చాలాసార్లు ఏమీ తేలకుండానే వెళ్లిపోతారు. కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే. చర్చ ‘దేశాలన్నీ కలిసి పనిచేయాలి’ అన్న మాట దగ్గరే తిరుగుతుంటుంది. ఆ మాటను కాదనేవాళ్లు ఎవరూ ఉండరు. అసలు పేచీ ఆ తర్వాత మొదలవుతుంది: నిర్ణయం ఏ సంస్థ చేయాలి? ఖర్చు ఎవరు పెట్టాలి? ఒప్పుకున్న దేశం మాట తప్పితే ఏమిటి? ఈ మూడు ప్రశ్నలూ వేదికెక్కితే చర్చ నిలబడుతుంది. ఇక్కడ చెప్పే ఏర్పాట్లన్నీ వాటి కోసమే.

ఇటు ఇద్దరు, అటు ఇద్దరు వక్తలు, ఒక సంధానకర్త, 100 నుంచి 200 మంది సభికులు, 90 నిమిషాల సమయం. ఈ లెక్కతోనే చెబుతున్నాం. పని మొదలుపెట్టడానికి కనీసం ఎనిమిది వారాల వ్యవధి ఉండాలి. అందులో మొదటి రెండు వారాలూ ప్రతిపాదనకే పోతాయి, పోవాలి కూడా.

మొదటి అడుగు: ప్రతిపాదన రాయడం

ప్రతిపాదన అంటే సభ ముందు పెట్టే ఒకే ఒక్క వాక్యం. ఒక పక్షం దాన్ని సమర్థిస్తుంది, మరో పక్షం వ్యతిరేకిస్తుంది. ఈ వాక్యం తప్పుగా కుదిరితే తర్వాత ఎంత గొప్ప వక్తల్ని తెచ్చినా లాభం లేదు.

‘ఐక్యరాజ్యసమితి విఫలమైందా?’ అన్నది అందరికీ తోచే అంశం. దీంతో వచ్చే చిక్కు ఏమిటంటే, ఒక వక్త భద్రతా మండలి గురించి మాట్లాడతారు, ఇంకొకరు శరణార్థుల సంస్థ గురించి చెబుతారు, మూడోవారు ప్రపంచ ఆరోగ్య సంస్థను ఎత్తుకుంటారు. ముగ్గురూ నిజమే చెబుతారు, ఎవరి మాటా ఎవరికీ తగలదు. ఐక్యరాజ్యసమితి అన్న ఒకే పేరు కింద వేర్వేరు అధికారాలు, వేర్వేరు ఖజానాలు ఉన్న సంస్థలు ఉన్నాయి. అందుకే ప్రతిపాదనలో సంస్థ పేరు ఉండి తీరాలి.

అదే అంశాన్ని ఇలా తిప్పి రాయవచ్చు: ‘భద్రతా మండలిలో కొత్తగా ఎవరికి శాశ్వత స్థానం ఇచ్చినా వీటో అధికారం ఇవ్వకూడదు.’ ఇప్పుడు వాదించడానికి గట్టి నేల దొరికింది. మండలిలో 15 సభ్య దేశాలు, అందులో ఐదు శాశ్వత సభ్య దేశాలకు వీటో, అంటే ఒక్కరే కాదన్నా నిర్ణయాన్ని ఆపగల అధికారం. ఐరాస చార్టర్ (మూల ఒప్పందం) 108వ అధికరణ ప్రకారం ఏ సవరణకైనా, సభ్య దేశాలన్నీ ఉండే సాధారణ సభలో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. ఆపైన మూడింట రెండొంతుల సభ్య దేశాలు దాన్ని ధ్రువీకరించాలి, వాటిలో ఐదు శాశ్వత సభ్య దేశాలూ తప్పనిసరిగా ఉండాలి. అది అసాధ్యం అనడానికీ లేదు. 1963లో సాధారణ సభ ఆమోదించిన సవరణ 1965లో అమల్లోకి వచ్చి, మండలి సభ్యుల సంఖ్య 11 నుంచి 15కు పెరిగింది. అయితే అప్పుడు పెరిగినవి శాశ్వతం కాని స్థానాలే. ఈ ఒక్క చరిత్ర చాలు, రెండు పక్షాలకూ చెరో ఆయుధం దొరకడానికి.

మరికొన్ని నమూనాలు:

- ‘వాతావరణ నష్టాల నిధి నుంచి ఇచ్చే సొమ్ము గ్రాంటుగానే ఉండాలి, అప్పుగా ఇవ్వకూడదు.’ ఈ నిధి ఏర్పాటుకు 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ వాతావరణ సదస్సులో అంగీకారం కుదిరింది, 2023లో దుబాయ్ సదస్సులో అది పనిచేసే రూపానికి వచ్చింది.
- ‘మహమ్మారి ప్రకటించిన మరుక్షణం టీకాల పేటెంట్ హక్కులు ఆగిపోవాలి.’ భారత్, దక్షిణాఫ్రికా 2020 అక్టోబరులో ప్రపంచ వాణిజ్య సంస్థ ముందు పెట్టిన ప్రతిపాదన ఇంతకన్నా విస్తృతమైంది. 2022 జూన్‌లో వచ్చిన నిర్ణయం మాత్రం టీకాలకే పరిమితమైంది. ఆ తేడా మీదే గంట సేపు మాట్లాడొచ్చు.
- ‘సామూహిక జనహననం జరుగుతున్న సందర్భాల్లో శాశ్వత సభ్య దేశాలు వీటో వాడబోమని ముందే రాతపూర్వకంగా కట్టుబడాలి.’

రాసిన వాక్యాన్ని మూడు రకాలుగా పరీక్షించండి. ఒకటి, దాన్ని చదువుకున్న, నిజాయితీపరులైన మనిషి వ్యతిరేకించగలరా? అలాంటి మనిషి పేరు ఒక్కటైనా మీకు తట్టకపోతే ఆ వాక్యం పనికిరాదు. రెండు, అది నెగ్గితే రేపు ఎవరు ఏం చేయాలో చెప్పగలమా? మూడు, అందులో రెండు విషయాలు ఇరుక్కున్నాయా? ‘ఉద్గారాలు తగ్గించాలి, పేద దేశాలకు పరిహారం ఇవ్వాలి’ అన్న వాక్యంలో మొదటి సగానికి ఒప్పుకుని రెండో సగాన్ని కాదనే సభికుడు ఎటు ఓటేయాలో తెలియక ఇబ్బంది పడతాడు. ‘మరియు’ లాంటి అతుకు కనిపిస్తే విడగొట్టి ఒకటే ఉంచండి. ‘కాదు’, ‘కూడదు’ ఒకటికి మించి ఉన్నా తీసేయండి. చీటీ చేతిలో పట్టుకున్నాక అవునంటే ఏమిటో, కాదంటే ఏమిటో అని మనుషులు నిజంగానే తికమకపడతారు.

రెండో అడుగు: రూపం ఎంచుకోవడం

ప్రతి అంశానికీ వాదప్రతివాదాలు నప్పవు. జనానికి అసలు పరిచయమే లేని విషయమైతే (ఏ దేశానికీ చెందని సముద్ర జలాల ఒప్పందం, కృత్రిమ మేధ నియంత్రణ లాంటివి) ఒకే నిపుణుడి 30 నిమిషాల ప్రసంగం, 45 నిమిషాల ప్రశ్నలు మేలు. పదవిలో ఉన్న రాయబారినో మంత్రినో పిలిచినా ఇదే పద్ధతి. వాళ్లు తమ ప్రభుత్వ వైఖరి దాటి మాట్లాడలేరు, వారిని వాదనలోకి దింపితే చదివిందే మళ్లీ చదువుతారు. అభిప్రాయాలు ఇప్పటికే రెండుగా చీలి ఉన్న అంశానికే చర్చ పెట్టండి.

నలుగురైదుగురిని వరసగా కూర్చోబెట్టి తలా పది నిమిషాలు మాట్లాడించే ప్యానెల్ తేలిగ్గా కనిపిస్తుంది. మా దృష్టిలో అన్నిటికన్నా నిస్సారమైన రూపం అదే. ఒకరితో ఒకరు విభేదించాల్సిన అవసరం ఎవరికీ ఉండదు కాబట్టి మర్యాదగా పక్కపక్క దారుల్లో వెళ్లిపోతారు.

ఇంకో గందరగోళం కూడా తీర్చుకోవాలి. ‘చాటమ్ హౌస్ నియమం’ ప్రకారం సభ జరుగుతుందని కొందరు నిర్వాహకులు గొప్పగా ప్రకటిస్తారు. 1927లో లండన్‌లోని అంతర్జాతీయ వ్యవహారాల సంస్థ చాటమ్ హౌస్‌లో మొదలైన ఈ నియమం చెప్పేది, అక్కడ విన్న సమాచారాన్ని వాడుకోవచ్చు, ఎవరు చెప్పారన్నది మాత్రం బయటపెట్టకూడదని. తలుపులు మూసిన సంభాషణలకు అది సరిపోతుంది. బహిరంగ చర్చలో ప్రతి మాటకూ చెప్పినవారే బాధ్యులు. రెండింటినీ కలపకండి.

మూడో అడుగు: వక్తలు

ఆరు వారాల ముందు ఆహ్వానాలు వెళ్లాలి. ఉత్తరంలో ప్రతిపాదన వాక్యం, వారు ఏ పక్షం, ఎన్ని నిమిషాలు, రికార్డింగ్ ఉంటుందా, అవతలి వక్తలు ఎవరు, ప్రయాణ ఖర్చులు ఎవరివి అన్నవన్నీ రాయండి. పక్షం చెప్పకుండా పిలవడం వల్ల చివరి వారంలో ‘నేను మధ్యస్థంగా మాట్లాడతాను’ అన్న జవాబు వస్తుంది. దాంతో ఒక పక్షం కూలిపోతుంది.

ప్రతి పక్షంలోని ఇద్దరూ ఒకే రకం మనుషులు కాకుండా చూడండి. ఒకరికి ఒప్పందాల భాష, సంస్థల పనితీరు తెలిసుండాలి. రిటైరైన దౌత్యవేత్తలు, ఒప్పంద చర్చల్లో కూర్చున్న అధికారులు, అంతర్జాతీయ న్యాయం బోధించేవారు ఇందుకు తగినవారు. రెండోవారు ఆ నిర్ణయం నేల మీద ఎలా పడుతుందో చూసినవారై ఉండాలి: డాక్టరు, సహాయ శిబిరాల్లో పనిచేసినవారు, ఓడరేవు వ్యాపారి, వాతావరణ శాస్త్రవేత్త. నలుగురూ ఆచార్యులే అయితే సభ సెమినార్ అవుతుంది. నలుగురూ కార్యకర్తలైతే నినాదాలు మిగులుతాయి.

ఒప్పుకున్న ప్రతి వక్తతో పావుగంట ఫోన్లో మాట్లాడండి. తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘అవతలివాళ్ల వాదనల్లో మీకు అన్నిటికన్నా బలంగా కనిపించేది ఏది?’ దీనికి నేరుగా జవాబు చెప్పగలిగినవారు వేదిక మీద కూడా ఎదుటివారిని వింటారు. ‘వాళ్ల దగ్గర వాదనే లేదు’ అన్నవారు తమ ప్రసంగం తాము చదివి కూర్చుంటారు. అలాంటివారికి ఇంకా గడువుండగానే ప్రత్యామ్నాయం వెతుక్కోండి. ఒక్కో పక్షానికి ఒక అదనపు వక్తను సిద్ధంగా ఉంచుకోవడం ఎలాగూ అవసరమే. చివరి రెండు రోజుల్లో ఒకరు రాలేకపోవడం చాలా మామూలు.

నాలుగో అడుగు: వాస్తవాల పత్రం

చర్చలో సగం కాలాన్ని మింగేది అంకెల మీద గొడవ. దాన్ని సభకు ముందే తేల్చాలి. ఒకే పేజీలో ఎనిమిది నుంచి పది అంశాలు, ప్రతి అంశం పక్కన ఏ సంవత్సరపు లెక్కో, ఎవరి లెక్కో రాసి, మూడు వారాల ముందు నలుగురు వక్తలకూ పంపండి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే వారంలో రాతపూర్వకంగా చెప్పమనండి. ఇరుపక్షాలూ ఒప్పుకున్నవే పత్రంలో మిగలాలి. ఒప్పుకోని అంకె ఉంటే రెండు లెక్కలూ పక్కపక్కనే వేయండి. సభ రోజు ప్రతి కుర్చీ మీదా ఒక ప్రతి ఉండాలి.

ఈ రంగంలో పదేపదే దొర్లే తప్పులు కొన్ని ఉన్నాయి. పత్రం రాసేవారు వీటి దగ్గర ఆగి చూసుకోవాలి.

*తీర్మానాల బలం.* సాధారణ సభ తీర్మానాలు చాలావరకు సిఫారసులు. భద్రతా మండలి నిర్ణయాలను సభ్య దేశాలు అమలు చేయాలని చార్టర్ 25వ అధికరణ చెబుతుంది. ‘ఐరాస ఆదేశించింది’ అని ఎవరైనా అంటే ఏ సభ అన్నది అడగాలి.

*ఆమోదం, సంతకం, ధ్రువీకరణ, అమలు.* ఇవి నాలుగు వేర్వేరు మెట్లు. సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందాన్ని చూడండి. 1996 సెప్టెంబరులో సంతకాలకు తెరిచారు, ప్రపంచంలో అత్యధిక దేశాలు సంతకం పెట్టాయి. అయినా ఒప్పందంలో పేర్కొన్న 44 దేశాలూ ధ్రువీకరించే దాకా అమల్లోకి రాదన్న షరతు వల్ల ఇప్పటికీ ఆగే ఉంది.

*మాట ఇచ్చిన సొమ్ము, చేతికందిన సొమ్ము.* 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్ల వాతావరణ నిధులు సమకూరుస్తామని సంపన్న దేశాలు 2009లో కోపెన్‌హేగన్‌లో చెప్పాయి. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ లెక్క ప్రకారమే ఆ మొత్తం మొదటిసారి చేరింది 2022లో. అందులో అప్పులెన్ని, గ్రాంట్లెన్ని అన్నది ఇంకో పెద్ద తగవు. పేద దేశాలకూ కోవిడ్ టీకాలు అందించడానికి పెట్టిన కోవాక్స్ పథకం కూడా ఇంతే. 2021 చివరికి 200 కోట్ల డోసులన్నది లక్ష్యం, 100 కోట్లవ డోసు చేరింది 2022 జనవరిలో.

*ఉద్గారాల కొలత.* దేశం మొత్తం ఉద్గారాలా, తలసరి ఉద్గారాలా, పారిశ్రామిక యుగం నుంచి పోగుపడినవా? కొలత మారితే దోషి మారిపోతాడు. మూడు అంకెలూ ఒకే వరసలో ఇవ్వండి, ఏది న్యాయమన్నది వక్తలు వాదించుకుంటారు.

*ఓట్ల తూకం.* ‘ఒక దేశం, ఒక ఓటు’ అన్ని చోట్లా లేదు. అంతర్జాతీయ ద్రవ్య నిధిలో ముఖ్యమైన నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదాని వాటాయే 16 శాతానికి పైన. కాబట్టి అది కాదంటే నిర్ణయం ఆగుతుంది. ప్రపంచ వాణిజ్య సంస్థలో ఏకాభిప్రాయం ఆనవాయితీ, అందుకే ఒక్క దేశపు అభ్యంతరం వాణిజ్య వివాదాల అప్పీళ్ల విభాగంలో నియామకాలను నిలిపివేయగలిగింది. 2019 డిసెంబరు నుంచి ఆ విభాగం కొత్త అప్పీళ్లు వినలేని స్థితిలో పడింది.

సభ ముందురోజు పత్రాన్ని మరోసారి సరిచూడండి. సభ్యత్వాలు కూడా మారుతుంటాయి: అమెరికా 2020లో పారిస్ వాతావరణ ఒప్పందం నుంచి బయటికెళ్లింది, 2021లో తిరిగి చేరింది, 2025 జనవరిలో మళ్లీ వైదొలగుతున్నట్టు ప్రకటించింది.

పత్రంలో కనీసం ఒక అంశం ఫలించిన సహకారం గురించి ఉండాలని గట్టిగా చెబుతాం. లేకపోతే సభ నిట్టూర్పుల్లోకి జారుతుంది, నిరాశలో ఉన్న సభికులు వాదన వినరు. 1987 నాటి మాంట్రియల్ ప్రోటోకాల్ ఇందుకు బాగా పనికొస్తుంది. ఓజోన్ పొరను తినే రసాయనాల తయారీదారులు తక్కువ, ప్రత్యామ్నాయాలు చేతికందేంత దూరంలో ఉన్నాయి, వర్ధమాన దేశాలకు అదనపు గడువు ఇచ్చారు, వారి ఖర్చు భరించడానికి నిధి పెట్టారు, ఒప్పందంలో చేరని దేశాలతో ఆ రసాయనాల వ్యాపారాన్ని కట్టడి చేశారు. ‘మరి బొగ్గు, చమురు విషయంలో ఇదెందుకు కుదరడం లేదు?’ అన్నది ఒక్క దెబ్బకు చర్చను లోతుకు తీసుకెళ్లే ప్రశ్న. మశూచి కథ మరో ఉదాహరణ. ప్రచ్ఛన్నయుద్ధం నడుస్తుండగానే అమెరికా, సోవియట్ యూనియన్ చేతులు కలిపిన ఆ కార్యక్రమం ఫలించి, 1980లో మశూచి అంతమైనట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ ప్రకటించింది.

ఐదో అడుగు: సంధానకర్త

విషయంలో మహా పండితుడై ఉండనక్కర్లేదు. గడియారం చూసి పెద్ద మనిషిని సైతం ఆపగల ధైర్యం ఉండాలి. వాస్తవాల పత్రం కంఠతా వచ్చి ఉండాలి. వక్త గాలిలోకి ఎగిరినప్పుడు కిందికి దించే చిన్న ప్రశ్నలు జేబులో పెట్టుకోవాలి: ‘ఈ పని ఏ సంస్థ చేయాలంటారు?’, ‘దాని ఖర్చు ఎవరి మీద పడుతుంది?’, ‘ఒప్పుకోని దేశాన్ని ఏం చేద్దాం?’ ప్రసంగం మొత్తంలో ఈ మూడింటికీ జవాబు రాకపోతే అడిగి తీరాలి.

యుద్ధాల గురించిన చర్చల్లో ఇంకో జాగ్రత్త కావాలి. సభలో ఆ దేశాల మనుషులు, అయినవారిని పోగొట్టుకున్నవారు ఉండొచ్చు. ప్రభుత్వాల పేరెత్తి విమర్శించవచ్చు, ప్రజల పేరెత్తి కాదు. ఈ నియమాన్ని మొదటే చదివి వినిపించండి. ఎవరైనా మీరితే ‘మీరంటున్నది ప్రభుత్వాన్నా, జనాన్నా?’ అని సంధానకర్త అక్కడికక్కడే అడగాలి. మొదటిసారే అడిగితే రెండోసారి అవసరం పడదు.

ఆరో అడుగు: హాలు, మైకులు, భాష

వచ్చేవారి అంచనాకన్నా కాస్త చిన్న హాలే నయం. వేదికకు ఐదు మైకులు, సభికులకు రెండు తిరిగే మైకులు, ఒకటి అదనం. కొత్త బ్యాటరీలు వేసి, గంట ముందు ప్రతి మైకునూ చివరి వరసలో నిలబడి విని చూసుకోండి. స్పీకర్లు మైకులకు ముందువైపు ఉండాలి, వెనకుంటే కీచుమంటుంది. వక్తలందరికీ కనిపించేలా ఒక పెద్ద గడియారం పెట్టండి.

రెండు భాషల సభ అయితే లెక్క మొత్తం మారుతుంది. వాక్యం తర్వాత వాక్యం అనువదిస్తే సమయం దాదాపు రెట్టింపవుతుంది. అప్పుడు పక్షానికి ఒక్క వక్తే ఉండాలి. హెడ్‌ఫోన్లతో ఏకకాల అనువాదం పెట్టగలిగితే ఇద్దరు అనువాదకులు కావాలి, 20 నుంచి 30 నిమిషాలకోసారి మారుతూ ఉండాలి. ఒక్కరితో లాగిస్తే అరగంట దాటాక తప్పులు మొదలవుతాయి. ప్రసంగ పాఠాలు, సంస్థల పేర్ల జాబితా వారికి మూడు రోజుల ముందే అందాలి.

ఏడో అడుగు: 90 నిమిషాల పంపకం

- పరిచయం, నియమాలు, మొదటి ఓటు: 8 నిమిషాలు
- తొలి ప్రసంగాలు, తలా 6 నిమిషాలు, మారడానికి 4 నిమిషాలు: 28
- సంధానకర్త ప్రశ్నలు, వక్తల పరస్పర ప్రశ్నలు: 14
- సభికుల ప్రశ్నలు: 26
- ముగింపు మాటలు, తలా 2 నిమిషాలు: 8
- రెండో ఓటు, లెక్కింపు, ఫలితం: 6

ఐదో నిమిషానికి ఒక గంట, ఆరో నిమిషానికి రెండు గంటలు, ఆరున్నరకు మైకు ఆఫ్. ఇది వక్తలకు ముందే రాసి పంపండి. మొదటి వక్తకు మినహాయింపు ఇస్తే మిగతా ముగ్గురూ అదే అడుగుతారు, ఆ సమయం సభికుల ప్రశ్నల్లోంచే పోతుంది. స్వాగతోపన్యాసాలు, అతిథుల సందేశాలు ఈ 90 నిమిషాల్లోకి రానివ్వకండి. తప్పనిసరైతే సభకు ముందు పెట్టుకోండి.

ఎనిమిదో అడుగు: ఓటు

రెండుసార్లు ఓటు వేయించి, ఎటు ఎక్కువ మంది మళ్లారో ఆ పక్షాన్ని విజేతగా ప్రకటించడం ఈ తరహా చర్చల సంప్రదాయం. ఉదాహరణకు 100 మందిలో మొదట 50 మంది అనుకూలం, 20 మంది వ్యతిరేకం, 30 మంది తటస్థం అనుకుందాం. చివర్లో 56, 38, 6 అయితే అనుకూల పక్షానికి పెరిగింది 6, వ్యతిరేక పక్షానికి పెరిగింది 18. మెజారిటీ అనుకూలానిదే అయినా చర్చలో గెలిచింది వ్యతిరేక పక్షం. ఈ లెక్కను మొదటి ఓటుకు ముందే సభకు వివరించాలి. ఫలితం వచ్చాక వివరిస్తే మోసంలా వినిపిస్తుంది.

చేతులెత్తించడం వద్దు, పక్కవాళ్లను చూసి ఎత్తుతారు. ఒకే నంబరు వేసిన రెండు ముక్కల చీటీ ఇవ్వండి. మొదటి ముక్క ప్రారంభంలో, రెండోది చివర్లో డబ్బాలో పడుతుంది. దీనివల్ల ఆలస్యంగా వచ్చినవారినీ, మధ్యలో వెళ్లిపోయినవారినీ లెక్కలోంచి తీసేయవచ్చు. వాళ్లను కలిపితే మార్పు లేని చోట మార్పు కనిపిస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది: ఒక పక్షం అభిమానులు మొదట కావాలని ‘తటస్థం’ అని వేసి తర్వాత తమ పక్షానికి వేస్తే, మొత్తం మాత్రమే చూసినవారికి అది దొరకదు. నంబర్లు జత చేసి చూస్తే ఎంతమంది నిజంగా ఒక వైపు నుంచి మరో వైపు దాటారో విడిగా తెలుస్తుంది. ఆ అంకెను కూడా ప్రకటించండి, చర్చ ప్రభావానికి అదే నమ్మదగిన కొలమానం. మొదటి ముక్కలను ప్రసంగాలు సాగుతుండగానే లెక్కపెట్టి నంబర్ల వరసలో పేర్చుకోవాలి. రెండో ముక్కలు ముగింపు మాటలకు ముందే చేతిలో సిద్ధంగా ఉండేలా చెప్పండి. ఆరు నిమిషాల్లో 150 చీటీలు తేలాలంటే నలుగురు కూర్చోవాలి. జతల లెక్క తేలకపోతే ఆ రాత్రికి మొత్తాలు చెప్పి, మిగతాది మర్నాడు ప్రకటించవచ్చు.

సభికుల ప్రశ్నలు

మైకు తెరవడానికి ముందు రెండు నిమిషాలు పక్కవారితో మాట్లాడుకోమని చెప్పండి. సభలో అడగడానికి జంకేవారికి తమ ప్రశ్న ఒకసారి పైకి అనుకునే అవకాశం దొరుకుతుంది, తర్వాత లేచే చేతులు పెరుగుతాయి. ముందు వరసలకూ, పరిచయస్తులకూ మొదటి ప్రశ్న ఇవ్వకండి.

మైకు వాలంటీరు చేతిలోనే ఉండాలి. ఇది చిన్న విషయంగా అనిపిస్తుంది, కానీ మైకు చేతికిస్తే ప్రశ్న ఐదు నిమిషాల ఉపన్యాసమవుతుంది. ప్రశ్నకు 30 సెకన్లు, జవాబుకు రెండు నిమిషాలు అనుకుంటే 26 నిమిషాల్లో పది ప్రశ్నలు పడతాయి. మూడేసి ప్రశ్నలు కలిపి తీసుకోవడం వద్దు, వక్తలు తేలికైనది ఎంచుకుని కష్టమైనది వదిలేస్తారు. ప్రశ్నను ఏ వక్తకు వేస్తున్నారో అడిగేవారే చెప్పాలి. జవాబు పక్కదారి పట్టితే సంధానకర్త ప్రశ్నను ఒక వాక్యంలో మళ్లీ చదవాలి.

చీటీల మీద రాసిన ప్రశ్నలు కూడా తొలి ప్రసంగాల నుంచే సేకరించండి. ఇద్దరు వాలంటీర్లు వాటిని సంస్థ, ఖర్చు, అమలు అని మూడు కట్టలుగా చేసి సంధానకర్తకు అందిస్తే, మైకు దగ్గర ఏ కట్ట తగ్గుతోందో చూసి దాన్నుంచి ఒకటి తీయవచ్చు. దాదాపు ఎప్పుడూ తగ్గేది ‘అమలు’ కట్టే.

సభ అయ్యాక

రెండు రోజుల్లోపు ఓట్ల అంకెలు, వాస్తవాల పత్రం, రికార్డింగ్ అందరికీ అందుబాటులో పెట్టండి. వేదిక మీద ఎవరైనా తప్పు అంకె చెప్పి ఉంటే దాన్ని వక్తకు చూపించి, వారి వివరణతో సహా దిద్దుబాటు జతచేయండి. చెప్పకుండా దిద్దితే ఆ వక్త మళ్లీ రారు. దిద్దకుండా వదిలేస్తే సభికులు ఆ అంకెను నిజమనుకుని పట్టుకెళ్తారు. మిగిలిపోయిన చీటీ ప్రశ్నల్లోంచి ఐదారు ఎంచి ఇరుపక్షాలకూ పంపి, ఒక్కోదానికి వంద మాటల్లో జవాబు వారం లోపు రాయమని అడగండి. ఈ షరతు ఆహ్వాన ఉత్తరంలోనే ఉంటే జవాబులు వస్తాయి. సభ తర్వాత కొత్తగా అడిగితే సాధారణంగా రావు.